కింది వాటావాళ్ళ అమ్మ

దోహా శివారు ముఐథర్‌లో మేమున్న ఇల్లు వీధిలోంచి చూస్తే ఒకే పెద్ద విల్లా. గేటు దాటి లోపలికి వెళ్తేనే తెలిసేది, అందులో ఎన్ని కుటుంబాలున్నాయో. యజమాని ఖతరీ ముసలాయన. హాళ్ళకు అడ్డంగా గోడలు కట్టించి, ఎవరి వంటగట్టు వాళ్ళకు పెట్టించి, ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చాడు. మేడ మీద వెనకవైపు వాటా మాది. మా ఆయన ఒక కంపెనీలో ఏసీ గొట్టాల డ్రాయింగులు గీసేవారు. నేను వెస్ట్ బేలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని. మచిలీపట్నంలో ఉన్న మా అక్కకి ఆ ఉద్యోగమేమిటో ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. వచ్చిన డ్రాయింగుల్ని ఎవరికి చేరాలో వాళ్ళకు చేర్చడం, అంతే.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని దేశమంతా తవ్విపోసిన రోజులవి. మా ఇంటికి దగ్గరలో రయ్యాన్ పాత స్టేడియం పడగొట్టి కొత్తది లేపుతున్నారు. ఒకపక్క మెట్రో, ఒకపక్క మురుగు కాలువలు, ఒకపక్క ఫ్లైఓవర్లు. నన్ను రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారు డ్రైవరు జగిత్యాల వైపు అబ్బాయి. మొదట సైటులో కాంక్రీటుకు చెక్కలు బిగించే షట్టరింగ్ పని చేసి, తర్వాత లైసెన్సు తెచ్చుకుని కారెక్కాడు. పొద్దున్నే స్టీరింగు మీద చేతులు పెట్టి నిట్టూర్చేవాడు.

"అక్కా, నిన్న గీడ రోడ్డుండె. ఇయ్యాల లేదు సూడు. మల్ల సుట్టు తిరిగి పోవాలె. కప్పు అయ్యేదాంక గింతే మన బతుకు."

ఊళ్ళో వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడల్లా "దుబాయ్‌ల ఎండలెట్లున్నయి బిడ్డా" అని అడిగేదట. ఇది ఖతర్ అమ్మా అంటే, ఏదైతేంది, దుబాయే గద అనేదట. అతని మాటలు వింటూ వెళ్తే ఆ గుంతల దారి కూడా తొందరగా గడిచిపోయేది.

మా కింది వాటాలో ఒక పాకిస్తానీ జంట ఉండేది. ఆయన ట్రెయిలర్ నడిపేవాడు, స్టేడియాలకు ఉక్కు దూలాలు మోసే పొడవాటి బండి. ఆవిడ ఇంట్లోనే ఉండేది. చాలాకాలం మా మధ్య సలాములే గానీ మాటల్లేవు. ఇక్కడ శుక్రవారమే సెలవు, చర్చి కూడా ఆ రోజే. అలా ఒక శుక్రవారం చర్చి నుంచి వచ్చి నేను ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఆవిడ, దుపట్టా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"బాజీ, ఏమీ అనుకోకండి. ఆ కిటికీ కాస్త మూస్తారా? నాకు కడుపులో తిప్పేస్తోంది," అంది హిందీలో.

నెల తప్పిందని అర్థమై కిటికీ మూశాను. కొన్నాళ్ళకు మళ్ళీ తలుపు కొట్టింది. ఈసారి కొంగు ముక్కుమీద లేదు. సిగ్గుపడుతూ అటూ ఇటూ చూసి, "ఆ రోజు వాసన వచ్చింది చూడండి, ఆ చేప... కొంచెం ఉందా?" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తనూ నవ్వేసింది. ఆ మధ్యాహ్నం మా వంటగదిలో నేలమీద కూర్చుని పప్పుచారు అన్నంలో నెత్తళ్ళు నంజుకుని తింది. ఆ రోజు నుంచి నేను తనకు నిజంగానే బాజీని, అక్కని అయ్యాను.

తనది స్వాత్ లోయ. పర్వతాల మధ్య నది, అక్రోటు చెట్లు, చలికాలంలో మంచు. ఫోనులో ఫొటోలు చూపిస్తుంటే నాకు కాశ్మీరు గుర్తొచ్చింది, నేను కాశ్మీరు చూడకపోయినా. తను ఏడో తరగతిలో ఉండగా తుపాకులవాళ్ళు లోయలోకి వచ్చి ఆడపిల్లల బడి మూయించారు. తర్వాత వాళ్ళను తరమడానికి సైన్యం వచ్చింది. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని కొండలు దిగి నడిచింది. తిరిగి వచ్చేసరికి ఇల్లుంది గానీ పైకప్పు లేదు. తను మళ్ళీ బడికి వెళ్ళలేదు. పెళ్ళయింది. మొదటి కాన్పు నొప్పులు నెల ముందే మొదలైన రోజున ఎక్కడో బాంబు పేలిందని కర్ఫ్యూ పెట్టారు. చెక్‌పోస్టు దగ్గర బండిని ఆపేశారు. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ లేదు.

ఇదంతా ఏడవకుండానే చెప్పింది. చివర మాత్రం, "అప్పుడు బండిలో నా తల మా మోర్ ఒడిలోనే ఉంది బాజీ. ఈసారి కూడా మోర్ పక్కనుంటే నాకు భయం ఉండదు," అంది. వాళ్ళ పష్తో భాషలో మోర్ అంటే అమ్మ.

ఇక్కడ డాక్టరమ్మ ఎక్కువగా తిరగొద్దంది, మెట్లు ఎక్కొద్దంది. భర్త పొద్దున వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. కాబట్టి వాళ్ళమ్మను రప్పించాలని నిర్ణయించుకున్నారు. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు. లోయ దాటింది కూడా ఆ మూటలు మోసినప్పుడే. విజిట్ వీసా వచ్చింది. టికెట్టు తీశారు. అప్పటికి అయిదో నెల.

ఆవిడ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళో బయలుదేరిన రోజునే వాళ్ళ దేశంలో గొడవ మొదలైంది. ఏదో కోర్టు తీర్పు నచ్చక జనం రోడ్లమీదకొచ్చారు. టైర్లు తగలబెట్టారు. ప్రభుత్వం పెద్ద పెద్ద షిప్పింగు కంటెయినర్లు తెచ్చి రోడ్లకు అడ్డంగా పెట్టింది. ఫోన్లు కట్ చేసింది. దేశానికి దేశమే నోరు మూసుకున్నట్టయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కింద తలుపు తెరిచే ఉండేది. తను మంచం మీద కూర్చుని అదే నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కేది. అవతల ఒక ఆడగొంతు, మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరని ఉర్దూలో మర్యాదగా చెప్పేది.

"ఈ గొంతంటే నాకు అసహ్యం పుట్టింది బాజీ," అనేది.

విమానం ఆవిడ లేకుండానే దోహా వచ్చేసింది. ఆ తర్వాత ఎప్పుడో కొత్త నంబరు నుంచి ఫోను మోగింది. ఏదో టీ కొట్టువాడి ఫోను. అమ్మ గొంతు విని తను గట్టిగా అరిచింది, పై వాటాలో ఉన్న నాకు వినిపించేంత గట్టిగా. నేను చెప్పులు లేకుండానే మెట్లు దిగి పరిగెత్తాను. ఆవిడ కంటెయినర్ల సందుల్లోంచి నడిచిందట. పెట్రోలు బంకులో నమాజు గదిలో తోటి ఆడవాళ్ళతో కలిసి పడుకుందట. దారి ఎంతకీ తెరుచుకోక తిరిగి ఊరు చేరుతోందట.

ఫోను పెట్టేశాక ఏమందని అడిగాను.

"ఈసారి కుదరలేదు, మళ్ళీ బయలుదేరతానంది. నువ్వు మాత్రం మెట్లు ఎక్కకు అంది," అని కళ్ళు తుడుచుకుని, నేను చెప్పులు లేకుండా వచ్చానని చూసి నవ్వింది.

చలికాలం వచ్చింది. దోహాలో హాయిగా ఉండే నెలలవి. సాయంత్రం నేను వచ్చేసరికి తను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "స్తడే మ షే," అనేది. పని నుంచి గానీ ప్రయాణం నుంచి గానీ వచ్చినవాళ్ళను వాళ్ళు అలా పలకరిస్తారట. అలసిపోకుండా ఉండు అని అర్థం. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆఫీసులో లిఫ్టు దగ్గర నిలబడి కూడా దాన్ని నోట్లో తిప్పుకునేదాన్ని, సరిగా పలకాలని.

తొమ్మిదో నెల దగ్గరపడింది. కొత్తగా వీసా తీశారు, కొత్తగా టికెట్టు తీశారు. ఈసారి వాళ్ళమ్మ తెలివిగా ముందే బయలుదేరి రావల్పిండిలో చుట్టాలింటికి చేరి కూర్చుంది. రోడ్లు ఎవరు మూసినా ఇక తనకేం కాదనుకుంది. మర్నాడే మన రెండు దేశాల మధ్య యుద్ధ విమానాలు లేచాయి. పాకిస్తాను ఆకాశాన్నే మూసేసింది. ఒక్క విమానం ఎగరడం లేదు.

ఆ రోజు మా విల్లా ఎలా ఉందో చెప్పాలి. పై వాటాల్లో మా చానళ్ళు, కింది వాటాల్లో వాళ్ళ చానళ్ళు, అన్నీ ఒకే గొంతుతో అరుస్తున్నాయి. ఎవరి దగ్గర ఎన్ని అణుబాంబులున్నాయో బొమ్మలు గీసి చూపిస్తున్నారు. మా అక్క మచిలీపట్నం నుంచి ఫోను చేసి, "మీ కింద ఉన్నది పాకిస్తానోళ్ళంటగా. తలుపేసుకుని పడుకోండే," అంది. మా ఆయన కూడా టీ తాగుతూ, "ఇవాళ్టికి కిందకి వెళ్ళకు. వాళ్ళ మనసులెలా ఉన్నాయో మనకేం తెలుసు," అన్నారు.

"తనకి నెలలు నిండాయండి," అన్నాను.

ఆయన లేచి, "ఆ రొట్టెలు కూడా పట్టుకెళ్ళు, పొద్దున్నుంచి ఏం తిందో ఏమో," అన్నారు.

కింద తను టీవీ కట్టేసి చీకట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. పక్కన కూర్చున్నాను. అంతలో తనే అడిగింది, "బాజీ, ఆ బాంబు పడితే ఎంత దూరం పోతుంది? మా లోయ దాకా వస్తుందా?"

"పడదు," అన్నాను. నాకేం తెలుసని అన్నానో గానీ గట్టిగా అన్నాను.

"మీ ఊరు సముద్రం పక్కన కదా, మీదాకా కూడా రాకూడదు," అంది తను. ఇద్దరం ఆ రొట్టెలు తిన్నాం.

మర్నాడు కారులో మా డ్రైవరు మాట్లాడకుండా నడిపాడు. అది ఎప్పుడూ జరగని సంగతి. ఏమైందని అడిగితే, "మా బామ్మర్ది మిలిటరీల ఉన్నడక్కా, బార్డర్ల. దినాం ఫోన్ జేసేటోడు. రెండు దినాలాయె, జేస్తలేడు," అన్నాడు. తర్వాత, "మీ కింద ఆమె అమ్మ ఒచ్చిందా?" అని అడిగాడు. లేదన్నాను. "ఆళ్ళకూ గంతేనా," అన్నాడు నెమ్మదిగా.

రావల్పిండిలో మేనల్లుడు ఇక ఊరికి వెళ్ళిపోదామన్నాడట. చుట్టాలు కూడా అదే మాట. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒకసారి వెనక్కి వెళ్ళాను. నా కూతురి కాన్పు రెండోసారి నా కోసం ఆగదు," అందట. రోజూ పొద్దున్నే మూట భుజాన వేసుకుని, మేనల్లుణ్ణి లాక్కుని, ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయానికి వెళ్ళేది. గేటు దగ్గర సిపాయిలు వెనక్కి పంపితే, ఎదురుగా టీ కొట్టు బల్లమీద పొద్దుపోయేదాకా కూర్చుని తిరిగొచ్చేది. విమానాలు మళ్ళీ ఎప్పుడు మొదలవుతాయో టీవీలో చెప్తారు, ఇంట్లో ఉండమని అందరూ మొత్తుకున్నారు. టీవీలో చెప్పినవాడు నన్ను ఎక్కించడు కదా అందట.

ఆవిడ అక్కడ అలా కూర్చుని ఉండగానే ఒకరోజు గేటు తెరిచారు. రోజూ చూస్తున్న సిపాయే లేచి వచ్చి, "అమ్మా, ఇవాళ వెళ్ళు," అన్నాడట. మొదట ఎగిరిన కొద్ది విమానాల్లో ఒకదానిలో ఆవిడకు చోటు దొరికింది.

ఆ కబురు మాకు చేరిన పొద్దుటే కింద తనకు నొప్పులు మొదలయ్యాయి. భర్త అప్పుడు దేశం ఉత్తరపు కొసన మదీనత్ అల్ షమాల్ దారిలో ట్రెయిలర్‌లో ఉన్నాడు. పగటిపూట పెద్ద బళ్ళను నగరంలోకి రానివ్వరు. అతను నాకు ఫోను చేసి, "బాజీ, అమ్మ విమానం ఎక్కింది. నేను సమయానికి చేరలేను. మీరు..." అని ఆగిపోయాడు.

"మీరు నెమ్మదిగా రండి. నేను చూసుకుంటాను," అన్నాను.

మా ఆయన సెలవు పెట్టి తనను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మను విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి సెలవడగాలని నేను ఆఫీసులో మేనేజరు ముందు నిలబడ్డాను. ఆయన లెబనాన్ మనిషి, కోపిష్టి, సెలవంటే మండిపడేవాడు. సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "నా చిన్నప్పుడు మా విమానాశ్రయం కూడా మూసేస్తూ ఉండేవాళ్ళు," అన్నాడు. తర్వాత చెయ్యి ఊపి, "యల్లా, యల్లా, ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అన్నాడు.

కింద మా డ్రైవరు అప్పటికే కారు తెచ్చి నిలబెట్టాడు. నేనింకా కూర్చోకముందే చెప్పాడు, "అక్కా, మా బామ్మర్ది పొద్దుగాల ఫోన్ జేసిండు! మంచిగనే ఉన్నడట!" మొహం వెలిగిపోతోంది. "ఇగ ఆ అమ్మను తీస్కొద్దాం పాండ్రి."

విమానాశ్రయంలో జనం బయటికొచ్చే తలుపు దగ్గర నిలబడ్డాం. ఆ మధ్యాహ్నం అక్కడ నిలబడ్డవాళ్ళలో సగంమంది మొహాల్లో అదే ఆదుర్దా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు గట్టిగా పిలిచేవారు, ఎవరో ఒకరు పరిగెత్తేవారు. ఒక ముసలాయన్ని కొడుకులిద్దరూ రెండు పక్కలా ఎత్తుకున్నంత పని చేశారు. నాకు కళ్ళు చెమర్చాయి. మా డ్రైవరు కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పుడు ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి. తెల్లటి పెద్ద చాదరు, కాళ్ళకు రబ్బరు బూట్లు, భుజాన రంగు గుడ్డ మూట. అందరూ తోపుడు బండ్లు నెట్టుకుంటూ వస్తుంటే ఆవిడ మూట మోసుకుంటూ, తలెత్తుకుని, పొలంలోంచి ఇంటికి వస్తున్నట్టు నడిచి వస్తోంది. నా ఫొటో కూతురు ముందే పంపింది. నా ఎదుటికి వచ్చి ఆగి నా మొహంలోకి చూసింది. నాకు ఆవిడ భాష రాదు. ఆవిడకు నా భాష రాదు. నాకు తెలిసింది ఒక్కటే మాట.

"స్తడే మ షే," అన్నాను.

ఆవిడ మొదట నమ్మలేనట్టు చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకు చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. రెండు చేతులతో నా తల పట్టుకుని నుదుటిమీద ముద్దు పెట్టుకుని, గడగడా ఏదేదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నిటికీ తలూపాను.

డ్రైవరు మూట అందుకోబోతే ఇవ్వలేదు. కారులో కూర్చున్నాక మాత్రం దాన్ని విప్పి అతనికి దోసెడు అక్రోట్లు ఇచ్చింది. తర్వాత కూతురు చెప్పింది, ప్రతి చెక్‌పోస్టులోనూ సిపాయిలు ఆ మూట విప్పించారట, విప్పినవాడికల్లా ఆవిడ గుప్పెడు అక్రోట్లు పెట్టిందట. దోహా కస్టమ్స్‌లో కూడా పెట్టబోతే వాళ్ళు నవ్వి వద్దన్నారట.

దారిలో మళ్ళీ రోడ్డు తవ్వి ఉంది. బళ్ళు బారులు తీరాయి. ఆవిడ అద్దంలోంచి ఆ ఎర్రటి ప్లాస్టిక్ అడ్డుగోడల్ని చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో అడిగింది. ఆ కళ్ళు చూస్తే తెలిసింది, ఇక్కడ కూడా రోడ్లు మూసేశారా అని అడుగుతోంది. డ్రైవరుకూ తెలిసింది. వెనక్కి తిరిగి తనకొచ్చిన హిందీలో గట్టిగా చెప్పాడు, "నహీ అమ్మా, నహీ! లడాయి కాదు. ఫుట్‌బాల్! ఆటకోసం రోడ్డు ఏస్తున్నరు!" కాలితో బంతి తన్నినట్టు చేసి చూపించాడు. ఆవిడ కాసేపు అతన్నీ, బయట క్రేన్లనూ మార్చి మార్చి చూసి, చిన్నగా నవ్వి నా చెయ్యి వదిలింది. అతను ఇసుకలోంచి ఒక సందు పట్టుకుని, రెండు గుంతలు దాటించి, మమ్మల్ని ఆసుపత్రి వాకిట్లో దించాడు.

కాన్పుల విభాగం తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "మాఫీ, మాఫీ. లోపలికి ఒక్కరే," అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి అరబీలో లేదు, కుదరదు అని. మా ఆయన బయటే ఉన్నారని, లోపల ఇంకెవరూ లేరని, ఈవిడ కన్నతల్లి అని నేను చెప్పడం మొదలుపెట్టాను. నా మాట పూర్తయ్యేలోగా ఆవిడ అతని చేతిని నెమ్మదిగా, పిల్లవాడి చేతిని తీసినట్టు, పక్కకు తీసి లోపలికి వెళ్ళిపోయింది. అతను నోరు తెరిచి చూశాడు. లోపలి నుంచి మలయాళీ నర్సు బయటికొచ్చి, ఆవిడను చూసి, సంగతేమిటో ఏమీ అడగకుండానే భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళింది. తలుపు మూసుకునేలోపు లోపల ఒక కేక వినిపించింది. "మోర్!"

నేను అక్కడే గోడకు ఆనుకుని ప్రార్థన చేసుకున్నాను. ఏ మాటలతో చేశానో గుర్తులేదు.

బయట ఎండ ఇంకా తగ్గకముందే ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. చాదరు జారి మెడమీద ఉంది, జుట్టు చెదిరింది. నా దగ్గరకొచ్చి ఒక్క మాట అంది. "లూర్." ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అయినా ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. నేను ఆవిణ్ణి కౌగిలించుకుని ఏడ్చాను. మా ఆయన పక్కన నిలబడి, అంతకుముందు తలుపులేసుకోమన్న మా అక్కకే ఫోను చేసి, "ఆడపిల్లండీ వదినగారూ, మన కింది వాటాలో!" అని చెప్తున్నారు.

భర్త వచ్చేసరికి సాయంత్రమైంది. ట్రెయిలర్ నగరం అంచున వదిలేసి, ఎవరి కారో ఎక్కి, దుమ్ముకొట్టుకున్న బట్టలతోనే వచ్చాడు. పిల్లను ఎత్తుకోమంటే భయపడ్డాడు. అంత ఉక్కు మోసే మనిషి.

తల్లీ పిల్లా ఇంటికొచ్చిన రోజున విల్లా వాటాలన్నీ తలుపులు తెరుచుకున్నాయి. ముందు వాటా ఫిలిప్పీన్ అమ్మాయిలు గేటుకి రంగు కాగితాలు కట్టారు. మా పక్క వాటా తెనాలి వాళ్ళు పాయసం చేశారు. మా డ్రైవరు కారులో తల్లినీ పిల్లనూ తెచ్చి, వీధి మలుపు నుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. కారు ఆగగానే అందరం చుట్టూ మూగాం.

అమ్మమ్మ పిల్లను నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో మాకెవరికీ తెలియదు. పెద్ద స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని తిరిగొచ్చి గుమ్మం మెట్టు మీద నిలబడి ఏదో చెప్పింది. కూతురు నవ్వుతూ మాకు చెప్పింది.

"మా ఊళ్ళో మగపిల్లాడు పుడితే తుపాకులు పేలుస్తారు. ఆడపిల్ల పుడితే ఊరుకుంటారు. తుపాకీ చప్పుడు ఈ జన్మకి సరిపడా విన్నాను, నా మనవరాలికి ఇది వాయిస్తానంటోంది మోర్."

ఆవిడ గరిటెతో పళ్ళెం మీద కొట్టింది. ఒక దెబ్బ, మళ్ళీ ఇంకో దెబ్బ. తెనాలావిడ పాయసం గిన్నె కింద పెట్టి దాని మూత తీసి వాయించింది. ఫిలిప్పీన్ అమ్మాయిలు గేటు మీద కొట్టారు. మా ఆయన మెట్లెక్కి పరిగెత్తి మా ఇడ్లీ పాత్ర తెచ్చారు, నేనెప్పుడూ ఆయన్నలా పరిగెత్తడం చూడలేదు. మా డ్రైవరు కారు బానెట్ మీద అరచేతులతో తీన్‌మార్ దరువు అందుకున్నాడు. అప్పటిదాకా తలోరకంగా మోగుతున్న పళ్ళాలన్నీ ఆ దరువులోకి వచ్చాయి. పిల్ల తండ్రి చేతులు పైకెత్తి వాళ్ళ లోయ ఆట ఆడుతూ గుండ్రంగా తిరిగాడు.

పక్క ఇంట్లోంచి మా యజమాని ముసలాయన కాళ్ళదాకా ఉండే తెల్లటి తోబు వేసుకుని బయటికొచ్చాడు. కోప్పడతాడేమోనని ఒక్క క్షణం అందరం ఆగాం. అమ్మమ్మ ఆగలేదు. ఆయన ఆవిణ్ణి చూశాడు, నా చేతుల్లో పిల్లను చూశాడు. వెనక్కి వెళ్ళి ఖర్జూరాల పెట్టె తెచ్చి అందరికీ పంచిపెట్టమని ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళిపోలేదు. చేతికర్రతో గేటు ఇనప కమ్మీ మీద తనూ రెండు దెబ్బలు కొట్టాడు.

ఆ చప్పుడంతటిలోనూ పిల్ల నా చేతుల్లో హాయిగా నిద్రపోయింది.